కిమ్రిక్ స్కూనర్ 1944లో ఎలా పోయి ఉంటుంది? బొగ్గు పక్కకు జరిగిందా, మైను (సముద్రంలో పరిచే పేలుడు గుండు) తగిలిందా?

గాలివాటు:
నమస్కారమండీ. ఐర్లండు తీరంలో తిరిగిన చిన్న సరుకు ఓడల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో కిమ్రిక్ అనే మూడు కొయ్యల (తెరచాప స్తంభాల) స్కూనర్ ఓడ గురించి కొంత రాయాలి. నా దగ్గరున్నవి ఇవీ: వేల్స్‌లో, ఆంగ్లసీ దీవిలోని ఆమ్లుక్ రేవులో విలియం థామస్ యార్డు 1893లో కట్టింది. ఇనప ఓడ. సుమారు 225 గ్రాస్ టన్నులు, పొడవు 120 అడుగుల పైచిలుకు. 1906లో ఐర్లండు తూర్పు తీరంలోని ఆర్క్లో ఊరి ఓడవాళ్ల చేతికొచ్చింది. మొదటి యుద్ధంలో మారువేషపు యుద్ధనౌకగా పనిచేసి, మళ్లీ సరుకు రవాణాకి వచ్చింది. 1944 ఫిబ్రవరి 23న స్కాట్లండులోని ఆర్డ్రోసన్ నుంచి బొగ్గుతో లిస్బన్‌కి బయల్దేరింది. మర్నాడు డబ్లిన్ దగ్గర కనిపించింది. ఆ తర్వాత ఓడా లేదు, అందులోని పదకొండు మందీ లేరు.

నా అనుమానాలు: 225 గ్రాస్ టన్నులంటే 225 టన్నుల బొగ్గేనా? ఇలాంటి ఓడల్ని ఐదారుగురే నడిపేవాళ్లంటారు, మరి ఇందులో పదకొండు మంది ఎందుకు? ‘బొగ్గు పక్కకు జరిగి బోల్తా పడి ఉంటుంది’ అని ఒకచోట చదివాను, అది నమ్మొచ్చా? ఇంకో సంగతి, ఈ ఓడ డబ్లిన్‌లో ట్రాముని గుద్దిందని రాస్తున్నారు. అది కట్టుకథేనా?

మూడుకొయ్యలు:
ట్రాము సంగతి ముందు తేల్చేద్దాం, అది నిజమే. 1921లో డబ్లిన్ రింగ్సెండ్ దగ్గర, వంతెన తెరుస్తారని కాలువ డాకులో ఆగి ఉంది. ఒక్కసారిగా గాలి విసిరి ఓడని ముందుకు తోసింది. వంతెన మీద ఆగివున్న ట్రాము కిటికీలోకి ఓడ ముక్కుకొయ్య (బౌస్ప్రిట్) దూరి విరిగిపోయింది. డెక్ మీద తెరచాపలు దించి కట్టేసి ఉన్నా సరే, మూడు కొయ్యలూ వాటి తాళ్లూ కలిసి గాలికి బోలెడంత అడ్డు. ఇరుకు డాకులో ఖాళీ ఓడ, లోతు తక్కువ మునిగి ఉంటుంది కాబట్టి, మరీ తేలిగ్గా జారుతుంది. అందుకే ఇరుకు రేవుల్లో ముందో తాడు, వెనకో తాడు గట్టుకి కట్టే ఉంచాలి. వీలున్న ఓడల్లో ముక్కుకొయ్య చివరి భాగాన్ని లోపలికి లాగేసుకునేవాళ్లు కూడా.

గ్రాస్ టన్ను బరువు కాదండీ. అది చోటుకి కొలత, ఒక గ్రాస్ టన్నుకి 100 ఘనపుటడుగులు. ఎంత బరువు మోస్తుందో పోలికతో అంచనా వెయ్యొచ్చు. 1900లో కానాస్ కీలో కట్టిన కాథ్లీన్ అండ్ మే అనే స్కూనర్ ఇప్పటికీ ఉంది. దానికి 136 గ్రాస్ టన్నులు, మోసే సరుకు సుమారు 225 టన్నులు. ఆ లెక్కన కిమ్రిక్ 350 నుంచి 380 టన్నులు మోసి ఉండాలి. వ్యాసంలో ‘సుమారు 370 టన్నుల సామర్థ్యం’ అని రాసి, అది అంచనా అని చెప్పేయండి.

మనుషుల లెక్కకి రిగ్ (కొయ్యలూ చాపలూ అమర్చిన తీరు) తెలియాలి. కిమ్రిక్‌ని మొదట బార్కంటైన్‌గా కట్టారు. అంటే ముందు కొయ్యకి అడ్డదూలాలూ, వాటికి చదరపు చాపలూ. మిగతా రెంటికీ నిలువు చాపలు. చదరపు చాప చుట్టాలంటే మనుషులు పైకెక్కి దూలం మీద వరసగా నిలబడాల్సిందే, నలుగురైదుగురు లేకపోతే ఆ పని సాగదు. ఆర్క్లో వచ్చాక దీన్ని స్కూనర్‌గా మార్చారు. స్కూనర్ నిలువు చాపల్ని డెక్ మీద నిలబడే ఎత్తొచ్చు, దించొచ్చు. పెద్ద చాప ఎత్తడానికి చేతి వించి (తాడు చుట్టి లాగే యంత్రం) ఉంటే ఇద్దరు చాలు. తీరం పట్టుకుని తిరిగే వ్యాపారంలో లాభమంతా జీతాల దగ్గరే తేలుతుంది కాబట్టి ఆ కాలంలో చాలా ఓడలకి ఇదే మార్పు జరిగింది. కెప్టెన్, మేటు (కెప్టెన్ తర్వాతివాడు), ఇద్దరు ముగ్గురు కళాసీలు, వంటచేసే కుర్రాడు. వీళ్లతో లివర్‌పూల్ దగ్గరి గార్స్టన్ నుంచో, కార్డిఫ్ నుంచో బొగ్గు తెచ్చి ఐర్లండు చిన్న రేవుల్లో దించేవాళ్లు. తిరుగు ప్రయాణంలో గనుల్లో పైకప్పుకి ఆనించే కట్టె దుంగలు.

కానీ లిస్బన్ అలా కాదు. డబ్లిన్ నుంచి సుమారు 900 నాటికల్ మైళ్లు. గాలి కలిసొస్తే వారం పది రోజులు, చలికాలంలో ఎదురుగాలి పడితే రెండు మూడు వారాలు. తీరంలో అయితే తుఫాను సూచన కనబడగానే ఏదో రేవులో దూరి లంగరు వేసుకోవచ్చు. బిస్కే అఖాతం పడమర నీళ్లలో దూరే చోటు లేదు. రాత్రీ పగలూ రెండు జట్లుగా కాపలా కాయాలి, ఒక్కో జట్టులో చుక్కాని దగ్గర ఒకరు, ముందు కళ్లేసుకుని చూసేవాడొకరు, చాపలకి కనీసం ఇద్దరు. పంపు కొట్టడం అదనం. పదకొండు మంది ఎక్కువేం కాదు.

స్కూనర్‌కి మహాసముద్రంలో ఒక లోటుంది, ఇది మీ వ్యాసంలో తప్పకుండా పెట్టండి. గాలి పక్క నుంచో, ఏటవాలుగా ముందు నుంచో వస్తే స్కూనర్ చక్కగా నడుస్తుంది. వెనక నుంచి పెద్ద గాలి, పెద్ద అల తరుముతుంటే మాత్రం ప్రమాదం. ఓడ ఊగినప్పుడల్లా బూము (చాప అడుగున ఉండే అడ్డ దుంగ) బరువు చాపని ఖాళీ చేసి మళ్లీ దబ్బున నింపుతుంది. తాళ్లు ఒరుసుకుని తెగుతాయి. చుక్కాని పట్టినవాడు ఒక్క క్షణం ఏమరితే గాలి చాపకి అవతలి వైపు దూరుతుంది. నలభై అడుగుల బూము ఓడకి అడ్డంగా విసురుకుని, దారిలో ఏదుంటే దాన్ని కొట్టుకుంటూ పోతుంది. కొయ్యే విరగొచ్చు. దాన్ని ఆపడానికి బూము కొస నుంచి ముందుకు ఒక తాడు లాగి కడతారు, గాలి మరీ పెరిగితే మెయిన్ చాప పూర్తిగా దించి ముందు చాపలతో పరిగెత్తిస్తారు. ఈ పనులు వెలుతురుండగానే చేసేయాలి.

హాచ్‌మూత:
బొగ్గు జరగడం గురించి. తేలిగ్గా కొట్టెయ్యలేం, తేలిగ్గా ఒప్పుకోనూ లేం. లెక్క చూద్దాం.

బొగ్గు టన్నుకి సుమారు 45 ఘనపుటడుగుల చోటు తింటుంది. 370 టన్నులంటే 16,650 ఘనపుటడుగులు. 225 గ్రాస్ టన్నుల ఓడ లోపలి చోటంతా కలిపితే 22,500. అందులోంచి మనుషుల గదులు, తాళ్ల గది, ఇంజనుంటే దాని గది తీసేస్తే మిగిలే సరుకు గది ఇంచుమించు బొగ్గుకి సరిపోయేంతే. అంటే నిండా నింపి, కింద దిగిన కూలీలు పారలతో డెక్ కిందికి, పక్కల మూలల్లోకి బొగ్గు సరిగ్గా తోసి ఉంటే జరగడానికి చోటే లేదు. చోటుంటేనే జరుగుడు. హాచ్ (సరుకు దించడానికి డెక్‌లో ఉండే నోరు) కింద శిఖరంలా పోసి, పక్కల్లో మూడు నాలుగడుగుల సందు వదిలేసినప్పుడే ముప్పు. బొగ్గు గుట్ట 35 నుంచి 40 డిగ్రీల వాలు దాకా నిలబడుతుంది, కానీ అది కదలని నేల మీది మాట. తడిసిన నలుసుబొగ్గు గంటలకొద్దీ ఊపుళ్లు తింటే అంతకంటే తక్కువ వాలుకే జారుతుంది. ఒకసారి పది డిగ్రీలు పక్కకు వాలి అలాగే ఉండిపోయిన ఓడ మీద తర్వాతి అలలు డెక్ దాకా ఎక్కుతాయి.

ధాన్యం ఇంకా మోసగత్తె. గోధుమలు 25 డిగ్రీల లోపే జారతాయి. లిస్బన్ నుంచి తిరుగు సరుకు తరచూ గోధుమే కాబట్టి, ఆ ప్రయాణానికి సరుకు గది మధ్యలో పొడుగునా నిలువు పలకలు బిగించి, పైవరస బస్తాల్లో పేర్చేవాళ్లు. కిమ్రిక్ పోయింది వెళ్లేటప్పుడు, బొగ్గుతో. గోధుమ కథ దీనికి అంటించకండి.

నా ఓటు హాచ్‌ మూతకి. ఈ ఓడల సరుకు గది ఒకటే, మధ్యలో నీరు ఆపే గోడల్లేవు. హాచ్ చుట్టూ గట్టు, దాని మీద అడ్డ దూలాలు, వాటి మీద రెండు రెండున్నర అంగుళాల మందం చెక్కలు, ఆపైన రెండో మూడో పొరల తారు గుడ్డ. గుడ్డ అంచుల్ని గట్టు పక్కన ఇనప పట్టీలతో నొక్కి, కొయ్య చీలలు కొట్టి బిగిస్తారు. పక్కల చీలల్ని ముందు నుంచి వెనక్కి కొట్టాలి, ముందు నుంచి వచ్చే అల వాటిని ఇంకా బిగించేలా. తిరగేసి కొడితే అల ఒక్కొక్కటే ఊడదీసుకుపోతుంది. ఒక చీల పోతే పట్టీ వదులు, పట్టీ వదులైతే గుడ్డ గాలికి లేచి చిరుగుతుంది, గుడ్డ పోతే చెక్కలు వాటంతటవే తేలిపోతాయి. నిండా బరువేసిన ఓడలో డెక్‌కీ నీటికీ మధ్య ఎడం రెండు మూడు అడుగులే. ఒక ఘనపు మీటరు నీళ్లు టన్ను బరువు.

ఇప్పుడు అసలు లెక్క. సరుకుతో ఓడ మొత్తం బరువు 570 టన్నుల దగ్గర అనుకోండి. ఇలాంటి ఓడకి మునగకుండా అదనంగా మోయగల శక్తి అందులో పాతిక శాతం అనుకున్నా 140 టన్నులు. సరుకు గదిలో బొగ్గు నిండి ఉంది కదా, నీళ్లకి చోటెక్కడిది అనిపిస్తుంది. కానీ బొగ్గు ముక్కల మధ్య సందులు దాదాపు 38 శాతం. 16,650 ఘనపుటడుగుల్లో 6,300 పైన, అంటే 180 టన్నుల నీళ్లు పట్టే ఖాళీ. బొగ్గు అంగుళం కదలకుండానే ఓడ మునిగిపోవడానికి అది చాలు. కట్టె దుంగలతో వెళ్లే ఓడ నీళ్లతో నిండినా దుంగలే తేల్చి పట్టుకుంటాయి, మనుషులు తాళ్లు పట్టుకుని రెండు మూడు రోజులైనా బతకొచ్చు. ఇనప ఓడ, బొగ్గు సరుకు అంటే ఆ వెసులుబాటు లేదు.

పంపులు కాపాడవా అంటారేమో. బొగ్గు ఓడలో ముందు చెడేది పంపే. బొగ్గు పొడి అడుగు పలకల సందుల్లోంచి దిగి నీటి దారుల్ని మూసేస్తుంది, పంపు నోటి జల్లెడలో బురదలా గట్టిపడుతుంది. నిండు సరుకుతో ఉన్నప్పుడు దాన్ని తవ్వి తీసే మార్గం లేదు. అందుకే బొగ్గు ఎక్కించే ముందు జల్లెడకి గోనె గుడ్డ చుట్టి, పలకల సందుల్లో పీచు కూరుతారు. తొందరలో వదిలేసే పని కూడా ఇదే.

ఇంకోటి, ఓడ వయసు 51 ఏళ్లు. తడి బొగ్గులోని గంధకం ఇనుముకి ఆమ్లంలా పట్టుకుంటుంది. అడుగున సిమెంటు పోసి ఉంటుంది కాబట్టి కింద రేకు ఎంత పల్చబడిందో పైకి కనబడదు. ఎగుడుదిగుడు అలలకి పాత రివెట్లు వదులై కారడం కొత్తేం కాదు.

గాలివాటు:
చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ థాంక్స్. బొగ్గు గ్యాసు పేలుడు కూడా లెక్కలోకి తీసుకోవాలా? అలాగే ఒక్క చెక్కముక్క కూడా దొరక్కపోవడం వింతగా లేదా?

హాచ్‌మూత:
గ్యాసు ఉండే మాట నిజం. కొత్తగా తవ్విన బొగ్గు మీథేన్ వదులుతుంది, తుఫానులో గాలి గొట్టాలు మూసేస్తే అది డెక్ కింద పేరుకుని మనుషుల గదిలోకి చేరుతుంది. అక్కడ నూనె దీపమో, వంట పొయ్యో ఉంటే పేలుతుంది. దానికి మందు: వాతావరణం బాగున్నప్పుడు హాచ్ మూలలు తెరిచి పైపైన గాలాడనివ్వాలి, గొట్టం మాత్రం బొగ్గు గుట్ట లోపలికి దించకూడదు. లోపలికి గాలి తోలితే బొగ్గు వేడెక్కి రాజుకుంటుంది. అయితే బయల్దేరిన మొదటి రోజుల్లోనే సొంతంగా రాజుకోవడం అరుదు. నేనైతే దీన్ని ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తాను.

చెక్కముక్క సంగతికొస్తే, పడవలు డెక్ మీద తాళ్లతో బిగించి ఉంటాయి, ఓడతో పాటే కిందికి పోతాయి. తేలేవల్లా తెడ్లు, లైఫ్‌బాయ్‌లు, హాచ్ చెక్కలు. 1944లో ఆ తీరాల మీద రోజూ ఏవో ఓడల చెక్కలు కొట్టుకొచ్చేవి. పేరు రాసి లేని చెక్క ఏ ఓడదో ఎవరు చెప్పగలరు?

తటస్థజెండా:
పైవాళ్లు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, కానీ కాలం 1944 అని మరిచిపోతున్నారు. ఇది శాంతికాలపు నష్టం కాదు.

లిస్బన్ దారి ఏంటో ముందు చెప్తా. ఐర్లండు యుద్ధంలో తటస్థ దేశం. ఐర్లండు ఓడలు సరుకుతో బ్రిటన్ వెళ్లి, అక్కడ బొగ్గు ఎక్కించుకుని పోర్చుగల్ పోయి, అమెరికా నుంచి లిస్బన్‌లో దిగిన గోధుమా మరేదైనా ఎక్కించుకుని ఇంటికొచ్చేవి. బయల్దేరాలంటే బ్రిటిష్ వాళ్ల నావిసర్ట్ కాగితం (ప్రయాణ అనుమతి పత్రం) ఉండాలి, లేకపోతే దారిలో ఆపేస్తారు. ఓడ పక్కల మీద పెద్ద అక్షరాలతో దేశం పేరు, మూడు రంగుల జెండా, రాత్రి పూట వాటి మీద దీపాలు. మిగతా ఓడలన్నీ చీకట్లో పోతుంటే ఇవి పెళ్లిపందిరిలా వెలుగుతూ పోయేవి. ఆ వెలుగు ప్రతిసారీ కాపాడలేదు. 1943 ఫిబ్రవరి 23న కైల్‌క్లేర్ అనే ఐర్లండు ఓడ లిస్బన్ నుంచి వస్తుంటే జర్మన్ సబ్‌మెరీన్ యు-456 టార్పెడో వేసింది. పద్దెనిమిది మంది పోయారు. కిమ్రిక్ బయల్దేరింది సరిగ్గా ఏడాది తర్వాత.

కానీ నేను మైనునే ఎక్కువగా అనుమానిస్తాను. ఐర్లండు ఆగ్నేయ మూలకీ కార్న్వాల్‌కీ మధ్య బ్రిటిష్ వాళ్లు 1940 నుంచి మైన్ల తెర పరిచారు. కిమ్రిక్ డబ్లిన్ దాటి దక్షిణానికి వెళ్లాల్సింది దాని పక్కనుంచే. గొలుసుకి కట్టిన మైను గొలుసు తెగితే తనంతట తాను పేలకుండా అయిపోవాలని 1907 హేగ్ ఒప్పందంలో ఉంది. ఆచరణలో చాలావాటికి అలా జరగలేదు. చలికాలపు అలలకి గొలుసులు తెగి మైన్లు తేలుతూ తిరిగేవి. 1943 మే 10న డోనిగాల్‌లోని బల్లిమానస్ తీరానికి అలా కొట్టుకొచ్చిన మైను పేలి పంతొమ్మిది మంది చనిపోయారు. అది ఒడ్డున జరిగింది కాబట్టి లోకానికి తెలిసింది. రాత్రి పూట, చూసేవాడు ఒక్కడే ఉన్న తక్కువ ఎత్తు ఓడకి, అలల మధ్య సగం మునిగి తేలే నల్లగుండు కనబడే అవకాశం చాలా తక్కువ. తగిలితే ఒకే గదిలో 370 టన్నుల బొగ్గుతో ఉన్న ఓడకి నిమిషం చాలు, పడవ విప్పేంత వ్యవధి ఉండదు.

మొదటి యుద్ధపు పాత్ర గురించి ఒక్కమాట. మామూలు సరుకు ఓడలా కనబడుతూ లోపల తుపాకులు దాచి సబ్‌మెరీన్లని దగ్గరికి రప్పించి కొట్టే పని దానిది. 1918 అక్టోబరు 15న ఇంగ్లండు ఈశాన్య తీరంలోని బ్లైత్ బయట అది ముంచింది జర్మన్ సబ్‌మెరీన్‌ని కాదు, బ్రిటిష్ వాళ్లదే జె-6ని. పేరుని యు-6 అని పొరబడ్డారు. నీళ్లలో తేలుతున్నవాళ్ల టోపీలు చూశాక కానీ తెలియలేదు. ఇది బాగా తెలిసిన సంగతే కాబట్టి దీనికి రెండు వాక్యాలకి మించి ఇవ్వకండి. పత్రికలవాళ్లు ఈ ముక్కే పట్టుకుని ‘శాపగ్రస్త ఓడ’ అని శీర్షిక పెడతారు, ముందే జాగ్రత్తపడండి.

మూడుకొయ్యలు:
తటస్థజెండా గారి మైను వాదన బలమైనదే, నేనూ దాన్నే ముందు పెడతాను. అయితే పోల్చుకోడానికి ఇంకో ఓడ: మేరీ బి మిచెల్. 1892లో కారిక్‌ఫర్గస్‌లో కట్టిన స్టీలు స్కూనర్, అదీ మొదటి యుద్ధంలో మారువేషం వేసింది, అదీ ఐర్లండు ఓడే. 1944 డిసెంబరులో ఇంగ్లండు, స్కాట్లండు మధ్య ఉన్న సాల్వే అఖాతంలో ఒడ్డుకెక్కి పగిలిపోయింది. అది మైనూ కాదు, టార్పెడో కాదు, గాలే. ఒకే ఏడాది, ఒకే రకం ఓడ. ఒకటి తీరానికి కొట్టుకుపోవడం వల్ల ఏమైందో తెలిసింది. రెండోది తీరానికి దూరంగా పోయింది. యుద్ధం ఉన్నంత మాత్రాన చలికాలం సెలవు తీసుకోలేదు.

గోదారిమొగ:
మన వైపు సంబంధం ఏమైనా ఉందా అని చూశాను. నేరుగా లేదు, ఓడ ఆకారంలో మాత్రం ఉంది. కిమ్రిక్ అడుగు కొంచెం చదునుగా ఉండేది. ఆర్క్లో రేవు నోట్లో ఇసుక మేట, ఆటు సమయంలో లోతు ఉండదు. చదును అడుగు ఓడ ఇసుక మీద నిటారుగా కూర్చుంటుంది, బళ్లు పక్కకే తోలుకొచ్చి బొగ్గు దించుకుంటారు. కోరంగి, తాళ్లరేవు వైపు దోనెలదీ ఇదే అవసరం, గోదావరి మొగల్లోనూ ఇసుకే శత్రువు. 1830ల్లో కొలతలు రాసిపెట్టిన కోరమండల్ దోనె 70 అడుగుల పొడవు, 20 వెడల్పు, 12 లోతు, అడుగు మాత్రం ఏడడుగుల వెడల్పున చదును. చదును అడుగుకి మూల్యం ఒకటే: ఎదురుగాలిలో పక్కకు జారిపోవడం. దోనెలవాళ్లు తుఫాను నెలల్లో ప్రయాణం మానేసి దాన్ని తప్పించుకున్నారు. ఫిబ్రవరిలో లిస్బన్ పోవాల్సినవాళ్లకి ఆ వీలు లేదు.

గాలివాటు:
గోదారిమొగ గారూ, దోనె కొలతలు వాడుకుంటాను. చివరిగా ఒకటి. ఎప్పుడైనా డైవర్లకి దొరికితే ఇది కిమ్రికేనని ఎలా తెలుస్తుంది?

హాచ్‌మూత:
ఇనప రేకులు ఎనభై ఏళ్లలో పక్కలకి వాలి కూలిపోయి ఉంటాయి. మిగిలేది ఓడ ఆకారంలో బొగ్గు గుట్ట. ముందువైపు లంగరు వించి, గొలుసు ముద్ద. డెక్ మధ్యలో సరుకు వించి. అడుగున మూడు కొయ్యల మొదళ్లు కూర్చునే దిమ్మల మధ్య దూరం కొలిస్తే మూడు కొయ్యల ఓడ అని తేలుతుంది. రేకుల అంచులు రివెట్లతో ఉంటే వెల్డింగు కాలం ఓడలన్నీ జాబితాలోంచి పోతాయి. రేకు చిన్న ముక్క తెచ్చి పరీక్షిస్తే పాత పోత ఇనుమా స్టీలా తెలుస్తుంది, అదొక్కటే మేరీ బి మిచెల్ లాంటి స్టీలు స్కూనర్లని పక్కకు తీసేస్తుంది. ఇంకా ముఖ్యం, రేకులు లోపలికి వంగాయా బయటికి వంగాయా చూడాలి. ఒక చోట పెద్దగా లోపలికి నొక్కుకుపోయి ఉంటే మైను. ఎక్కడా చిల్లు లేకుండా, గుట్ట ఒక పక్కకి ఒరిగి ఉంటే మన బొగ్గు వాదనకి మళ్లీ పని పడుతుంది.

మూడుకొయ్యలు:
చిన్న సవరణ. పోత ఇనుము కాదు, చేత ఇనుము. ఓడ రేకులు పోత పోయరు, సాగగొట్టి చేస్తారు. సూక్ష్మదర్శినిలో చూస్తే చేత ఇనుములో కిట్టం (ఇనుములో మిగిలిన మలినం) పీచులు పీచులుగా కనబడుతుంది, స్టీలులో ఉండదు.

హాచ్‌మూత:
అవును, చేత ఇనుమే. గాలివాటు గారూ, అలాగే రాయండి.